పార్వతీపురం నుంచి వచ్చిన గుడ్లు

ఫ్రిజ్ మెకానిక్ నబిరసూలు ఆ శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకుని ఇంటికి పోలేదు. చొక్కా జేబులో తస్బీ మాల పెట్టుకుని నేరుగా దస్తగిరమ్మ జేజి ఇంటికి పోయాడు. ఆ మాల ఆమె ఇచ్చిందే. ఆమెకే తిరిగి ఇచ్చేసి, సలాం చేసి, ఇంక ఆ వాకిలి తొక్కకూడదని దారి పొడుగునా గట్టిగా అనుకుంటూ పోయాడు. గట్టిగా అనుకోవడం ఎందుకంటే, జేజి ఎదుట కూర్చున్నాక అనుకున్నది అనుకున్నట్టు చెప్పి లేచినవాడు ప్రొద్దుటూరులో ఇంతవరకు లేడు.

జేజి పీఠమెక్కిన మనిషేమీ కాదు. పరుపులు, బొంతలు కుట్టుకునే ముసలామె. నలభై ఏళ్లు విల్లు పట్టి దూది ఏకింది. ఆ దూది దుమ్ము ఆమె గొంతు తినేసింది. ఇప్పుడు ఎంత కష్టపడ్డా మాట గుసగుసకంటే పైకి లేవదు. ఆమె చెప్పేది వినాలంటే ఎంతటివాడైనా పక్కన చతికిలబడి, చెవి అటు పెట్టాల్సిందే. అట్లా చెవి పెట్టేవాళ్లు ఊళ్లో ఓ పదిమంది ఉన్నారు. జనం వాళ్లను జేజి శిష్యులంటారు. జేజి మాత్రం 'దూదికాడ కూర్చునేటోళ్లు' అంటుంది.

నబీ ఆ పదిమందిలో చేరి తొమ్మిదేళ్లయింది. అప్పట్లో అన్నదమ్ములిద్దరిదీ ఒకే షాపు. ఒకరోజు నబీ టీ తాగడానికి రోడ్డు దాటి పోయాడు. అటు గ్లాసు అందుకున్నాడో లేదో ఇటు షాపులో గ్యాస్ సిలిండర్ పేలింది. లోపల వాళ్ల అన్న బాషా ఉన్నాడు. ఆ తర్వాత నబీకి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. జేజి ఏమీ అడక్కుండా నూరు పూసల మాల చేతిలో పెట్టి, పూటకు ఒకసారి దేవుని పేరు తలుచుకుంటూ తిప్పుకోమంది. తిప్పాడు. తిప్పుతూ ఒకే ఒక్కటి అడిగాడు. మా అన్న పిలిచినప్పుడు ఎవరన్నా విన్నారా? నేను పిలుస్తున్నాను, ఎవరన్నా వింటున్నారా?

వసారాలో దూది కుప్ప పక్కన జేజి కూర్చుని ఉంది. ఆమె ముందు తాడుతో కట్టిన అట్టపెట్టె ఒకటి ఉంది.

"ఏమబ్బీ, ఇంత ఎండలో వచ్చినావు," అంది.

నబీ పక్కన కూర్చుని మాల తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది నువ్వే పెట్టుకో జేజీ. నాతో కాలేదు."

"ఏమి కాలేదు?"

"తొమ్మిదేండ్లు పిలిచినా. దినానికి అయిదుసార్లు, పూటకు నూరు. ఒక్కసారన్నా పలికినోడు లేడు. ఇన్నిసార్లు గోడకు చెప్పుకోనుంటే ఒక గచ్చు పెచ్చన్నా రాలిండేది."

జేజి మాల వైపు చూడలేదు. నువ్వు తప్పు మాట్లాడావని అనలేదు, అయ్యోపాపమనీ అనలేదు. "తీసుకుంటాలే. ముందు ఈ పెట్టె ముడి ఇప్పు. నా గోళ్లకు రావడం లేదు," అంది.

నబీ ముడి విప్పాడు. లోపల ఊక, ఊకలో దినపత్రిక కాగితాలు చుట్టిన గుడ్లు. మొత్తం పద్నాలుగు. రెండు దారిలోనే పగిలి కాగితానికి అంటుకుపోయాయి. మిగతా పన్నెండూ జేజి ఒక్కొక్కటే చెంపకు ఆనించుకుని చూసి ఒళ్లో పెట్టుకుంది.

పన్నెండేళ్ల కిందట సింహాచలం అని ఒక నర్సమ్మ ఈ వీధిలో అద్దెకుండేది. పార్వతీపురానికి బదిలీ అయి పోతూ జేజి పెంచుకునే బంగారు మెడ పెట్ట గుడ్లు ఆరు అడిగి తీసుకుపోయింది. ఆ గుడ్ల నుంచి అక్కడ ఒక మందే తయారైంది. ఇక్కడేమో మొన్న ఎండాకాలం కోళ్లకు కొక్కెర రోగం వచ్చి జేజివే కాదు, వీధిలో కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. పెద్దవాళ్లు అంటూంటారే, తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట ఒక ముసలమ్మ అని, తెల్లారడం తెల్లారుతూనే ఉంది గానీ జేజికి మాత్రం పొద్దు పొడిచినట్టే లేదు. ఆ సంగతి ఎవరో చెప్తే విని, అడక్కుండానే సింహాచలం ఈ పార్సిల్ పంపింది. రెండు బస్సులు, ఒక లారీ మారి, మూడు రోజులు పట్టింది రావడానికి.

"నా పెట్ట మనవరాండ్లు నబీ. పుట్టింటికి వచ్చినాయి. పొదిగిచ్చేదానికి వీధిలో కోడి లేదు. నువ్వు ఫ్రిజ్జులు సల్లగ చేస్తావు గదా, ఒక పెట్టె ఎచ్చగ చేయలేవా?"

తన పనిని ఆ మాట అనేసరికి నబీ మాల సంగతి ఒక్క నిమిషం మరిచిపోయాడు. "చేయలేక ఏం జేజీ. కోడి కన్నా బాగ చేస్తా. కోడి మేతకు లేచిపోతాది, మిషన్ లేచిపోదు."

"అట్లయితే ఇరవై ఒక్క దినం. పిల్లలు బయట పడినంక ఈ మాల నాకు ఇద్దువుగానీ. ఎందుకని గూడా అడగను. మాటంటే మాట."

ఇరవై ఒక్క రోజులే గదా అనుకున్నాడు నబీ. తొమ్మిదేళ్లు మోసినవాడికి మూడు వారాలు ఒక లెక్కా? మాల మళ్లీ జేబులో వేసుకున్నాడు.

సాయంత్రమే గుడ్లు పెట్టెలో పెట్టేస్తానంటే జేజి ఒప్పుకోలేదు. "దూరం నుంచి వచ్చినోళ్లను గడపలోనే పనికి పంపుతారా? ఒక రాత్రి పడుకోనీ," అంది. సన్నపు మొన కిందికి పెట్టి అట్టల్లో నిలబెట్టమంది.

ఎందుకో నబీకి అర్థం కాలేదు. ఇంటికి పోయి గది తలుపులు మూసి ఒక గుడ్డు వెనక టార్చి పెట్టి చూశాడు. గుడ్డు పైభాగంలో ఒకే చోట ఉండాల్సిన గాలిబుడగ, తాపీమేస్త్రీ రసమట్టంలో బుడగ మాదిరి అటూ ఇటూ జారుతోంది. పెంకు మీద చిన్న గీత కూడా లేదు. మూడు రోజుల కుదుపులు లోపలికి పోయి ఉన్నాయి. నబీ టార్చి ఆర్పి గుడ్డును మెల్లగా అట్టలో పెట్టాడు.

ఆ రాత్రి గుడ్లు పడుకున్నాయి. తెల్లారి నబీ పెట్టె చేశాడు. మందులు వచ్చే పాత థర్మకోల్ డబ్బా, రెండు బల్బులు, కంప్యూటర్ ఫ్యాను, వేడి కొలిచే థర్మోస్టాట్. పైమూత కోసి, చెడిపోయిన ఫ్రిజ్ లోంచి తీసిన గాజు అరను కిటికీగా బిగించాడు. కింద నీళ్ల గిన్నె, పక్కన తేమ చూపించే మీటరు, కరెంటు పోతే ఆదుకోవడానికి ఇన్వర్టరు. ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర ముల్లు అతికించినట్టు నిలబడింది. శనివారం మధ్యాహ్నం పన్నెండు గుడ్లూ లోపల పెట్టి, వెనక్కు జరిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అప్పుడే గంప తెచ్చినావే," అంది అతని భార్య కుల్లాయమ్మ. కోడిపిల్లల కోసం నబీ అటక మీద నుంచి దించిన గంప ఆమె కంటపడింది.

"మిషన్ సరిగ్గ ఉంటే పిల్లలు రాక ఏం చేస్తాయి?"

"అట్లనా," అంది కుల్లాయమ్మ.

రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పాలి. ఒకవైపు గీత, ఇంకోవైపు సున్నా పెన్సిలుతో రాసుకుని నబీ తప్పకుండా తిప్పాడు. ఆ పూట నమాజు, ఆ పూట పూసలు, ఆ పూట గుడ్లు. పూసలు ఎట్లాగూ వదిలేసేవే గనక తొందరగా తిప్పేవాడు. గుడ్లు మాత్రం నిదానంగా తిప్పేవాడు.

ఏడో రోజు గది చీకటి చేసుకుని టార్చి పెట్టి చూశాడు. మొదటి గుడ్డులో ఏమీ లేదు. వెలుతురు ఇటు నుంచి అటు ఖాళీగా పోయింది. రెండోదీ అంతే. మూడోదానికి టార్చి ఆనించేసరికి గుడ్డంతా ఎర్రగా వెలిగింది. లోపల సన్నని నెత్తుటి దారాలు నలువైపులా పరుచుకుని ఉన్నాయి. ఆ దారాలన్నీ కలిసే చోట, మిరపగింజంత చోటు, కొట్టుకుంటోంది.

నబీ టార్చి పట్టుకున్న చెయ్యి చూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా మోటార్లు బాగుచేసిన చెయ్యి అది. ఏ మోటారు ఎందుకు తిరుగుతుందో, ఎందుకు ఆగుతుందో ఆ చేతికి తెలుసు. ఇక్కడ వైరు లేదు. ప్లగ్గు లేదు. తను ఇచ్చింది వేడి ఒక్కటే. వేడి ఇస్తే సాంబారు కాగుతుంది గాని గుండె ఎందుకు కొట్టుకుంటుంది? అతనికి భయం వేసింది. ఆ భయం బాగుంది కూడా. కుల్లాయమ్మను పిలిచి చూపించాడు. ఆమె ఎప్పటిలా ఎత్తిపొడవలేదు. తల మీద కొంగు సర్దుకుని చూసి, టార్చి ఎక్కువసేపు పెట్టొద్దు, దాని కండ్లు నొస్తాయేమో అంది.

అయిదు గుడ్లు ఖాళీవి. తీసేశాడు. ఏడు మిగిలాయి.

పద్నాలుగో రోజు చూస్తే రెండింటిలో దారాలు నల్లబడి ఉన్నాయి. కదలిక లేదు. నబీ ఆ రెండూ అరచేతుల్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రోజూ చేత్తో తిప్పినవి గదా, ఏ గుడ్డు బరువెంతో కూడా తెలుసు. తర్వాత మోటార్ సైకిల్ ఎక్కి జేజి దగ్గరికి పోయాడు.

"నా తప్పేముంది జేజీ? ముల్లు అర డిగ్రీ గూడా కదల్లేదు. తేమ సరిగ్గ ఉంది."

"నీ తప్పేం లేదు. అవి దారిలోనే దెబ్బ తిన్నాయి. కొన్ని దెబ్బలు తెలిసేదానికి పద్నాలుగు దినాలు పడతాది," అంది జేజి. కొంచెం ఆగి, "కొన్నిటికి తొమ్మిదేండ్లు," అంది.

నబీ తల వంచుకుని దూది పీకుతూ కూర్చున్నాడు.

పద్దెనిమిదో రోజు, బుధవారం పొద్దున్నే ఆటోలో జేజి దిగింది. సగం కుట్టిన బొంత చంకలో పెట్టుకుని వచ్చింది. నేరుగా పెట్టె ఉన్న గదిలోకి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. కుల్లాయమ్మ టీ ఇచ్చింది. జేజి టీ తాగి, గాజులోంచి అయిదు గుడ్లనూ చూసింది.

"ఈ పొద్దుటి నుంచి తిప్పకూడదు జేజీ. మూత గూడా తీయకూడదు. తేమ పెంచినా. ఇంక నా పని అయిపోయినట్టే," అన్నాడు నబీ.

"అయిపోయిందా? పిలిచేదెవరు మల్ల?"

"పిలవడమేంది?"

"తల్లికోడి ఈ మూడు దినాలూ పిలుస్తానే ఉంటాది గదా. గుడ్ల మీద కూర్చోని, కొక్ కొక్ అని లోపలోళ్లతో మాట్లాడతాది. నీ మిషన్ మాట్లాడతాదా?"

నబీకి నవ్వు వచ్చింది. అయినా తనే అన్నాడు గదా, కోడి కన్నా బాగ చేస్తానని. "నువ్వు పిలువు జేజీ."

"నా గొంతు పక్కనోనికే వినపడదు. పెంకు దాటి పోతాదా? నువ్వే పిలవాల."

"నేనా?"

"పూటకు ఎన్నిసార్లు పిలుస్తావు నువ్వు? నూరు గదా. అదే నూరు. మాల నీకాడనే ఉంది."

"తస్బీతో కోడికూతలు లెక్కపెట్టమంటావా జేజీ?" నబీ నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఇచ్చేసే మాలే గదా అబ్బీ," అంది జేజి సూదిలో దారం ఎక్కించుకుంటూ.

నలభై రెండేళ్ల మనిషి, నాలుగు వీధుల్లో నబీసారు అని పిలిపించుకునే మనిషి, పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి కొక్ అంటే అది దగ్గులాగా వచ్చింది. జేజి తల అడ్డంగా ఊపింది. కడుపులో నుంచి రావాలంది. కోపంగా కాదంది. బతిమాలినట్టు కూడా కాదంది. ఇంట్లో ఉన్నవాళ్లను అన్నానికి పిలిచినట్టు ఉండాలంది. ముప్పయ్యో పూస దగ్గర గానీ అది కోడి గొంతు అనిపించుకోలేదు.

మరునాడు ఐస్‌క్రీం బండి గురవయ్య తన ఫ్రీజరు సంగతి అడగడానికి వచ్చాడు. వాకిట్లో నిలబడి చెవులు రిక్కించాడు.

"ఏమ్మా, కోడిని తెచ్చినారా? పుంజా, పెట్టా?"

"మొగోడే అన్నా. అయినా పొదుగుతాండాడు," అంది కుల్లాయమ్మ. గురవయ్యకు ఏమీ బోధపడక ఫ్రీజరు మాట కూడా మరిచి వెళ్లిపోయాడు.

బుధవారం మిగిలిన పూటలన్నీ పిలిచాడు. గురువారం అయిదు పూటలూ పిలిచాడు. గుడ్లు రాళ్ల మాదిరి పడి ఉన్నాయి. శుక్రవారం పొద్దున్న పిలిచాడు, మధ్యాహ్నం పిలిచాడు. సాయంత్రపు నమాజు అయ్యాక మళ్లీ వచ్చి కూర్చునేటప్పటికి అతని గొంతు బొంగురుపోయి ఉంది. జేజి గోడ దగ్గర బొంత కుట్టుకుంటూనే ఉంది. నబీ మాల తీశాడు. ఒకటి, రెండు, మూడు.

అరవై మూడో పూస దగ్గర ఆగిపోయాడు. అతనికి ఉన్నట్టుండి దుఃఖం, కోపం రెండూ కలిసి ముంచుకొచ్చాయి. ఇది అదే కదా. తొమ్మిదేళ్లుగా చేసిందీ ఇదే కదా. అవే పూసలు, అవే మోకాళ్లు, అవతల అదే నిశ్శబ్దం. అన్న పోయిన రోజు ఎట్లా చెవులు గింగురుమని ఏమీ వినపడకుండా పోయిందో అట్లాంటి నిశ్శబ్దం. ముసలామె తనను ఆట పట్టిస్తోంది. చెవిటివాని ముందు శంఖం ఊదించింది చాలదని గుడ్ల ముందు కోడికూత కూయిస్తోంది. నబీ మాల నేల మీద పెట్టేశాడు. నోరు మూసుకుని అట్లాగే కూర్చున్నాడు.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాసేపటికి ఆ చప్పుడులో కీచుమని ఇంకో చప్పుడు వినపడింది. చాలా సన్నది. ఫ్యాను బేరింగు అరుస్తోంది, నూనె వెయ్యాలి అనుకున్నాడు నబీ. ఎంతైనా మెకానిక్కు చెవి. మళ్లీ కీచుమంది. ఇట్లా అరిచే బేరింగు రాత్రికి పట్టేసిందంటే ఇన్నాళ్ల కష్టమూ పోతుందని చెయ్యి చాచి ఫ్యాను స్విచ్చి ఆపాడు.

ఫ్యాను రెక్కలు నిదానమై ఆగిపోయాయి. కీచుమనే చప్పుడు ఆగలేదు.

నబీ ఊపిరి బిగబట్టాడు. గాజుకు చెంప ఆనించాడు. గీత మీదికి ఉన్న మూడో గుడ్డు. పెంకు మీద పగులు లేదు, చుక్క లేదు. నున్నగా, మూడు వారాల కిందట ఊకలోంచి తీసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆ నున్నని మూసిన గుడ్డు లోపల నుంచి ఎవరో మాట్లాడుతున్నారు.

"కొక్," అన్నాడు నబీ. అతనికి తెలియకుండానే వచ్చింది.

"కీచ్," అంది గుడ్డు.

ఆగాడు. అదీ ఆగింది. మళ్లీ మెల్లగా పిలిచాడు. మళ్లీ పలికింది. ఈసారి గుడ్డు ఒక వెంట్రుకవాసి కదిలింది. పక్క గుడ్డులో నుంచి ఇంకొకటి, ఇంకా సన్నగా, పలికింది. నబీ ఒళ్లంతా జలదరించింది. ముంజేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఇంకా పుట్టలేదు. ఊపిరి సరిగ్గా తీయడం కూడా ఇప్పుడే నేర్చుకుంటోంది. తల్లిని చూడలేదు, తల్లి కడుపు కింది వెచ్చదనం ఎరగదు, మూడు రోజులు బస్సుల్లో, లారీలో పొర్లి వచ్చింది. అయినా పిలుపు పిలుపని దానికి ఎవరు చెప్పారు? అతని కళ్ల నుంచి నీళ్లు గాజు మీద పడ్డాయి.

"జేజీ, పలికింది," అన్నాడు, ఆమె గొంతుకన్నా చిన్న గొంతుతో.

జేజి సూది బొంతకు గుచ్చి పక్కన పెట్టింది. "అది నిన్ను చూసిందా నబీ?"

"లేదు."

"బయట అని ఒకటుందని దానికి తెలుసునా?"

"ఎట్ల తెలుస్తాది జేజీ?"

"మల్ల ఎవరికి పలికింది?"

నబీ ఫ్యాను మళ్లీ వేశాడు. పెట్టె ముందు నుంచి లేవలేదు. చీకటి పడేముందు మూడో గుడ్డు మీద గసగసాల గింజంత పెచ్చు పైకి లేచింది.

శనివారం పొద్దున్నకు రెండు పిల్లలు బయట ఉన్నాయి. మధ్యాహ్నానికి నాలుగు. తడిసి, బురద తొక్కిన గుడ్డపీలికల మాదిరి పడినవి కాసేపటికే ఆరి, పొంగి, దూది ఉండలయ్యాయి. మొదట పలికినదానికి మెడ చుట్టూ బంగారు రంగు నూగు ఉంది. అది చూసి జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తొమ్మిదేళ్లలో జేజి ఏడవడం నబీ చూడలేదు. అప్పుడూ సరిగ్గా చూడలేదు, అటు తిరిగిపోయాడు.

ఆరిన నాలుగింటినీ గంపలోకి మార్చి, పైన బల్బు వేలాడదీశాడు. అటక మీది నుంచి ముందుగానే దించినందుకు కుల్లాయమ్మ ఈసారి ఏమీ అనలేదు. పెట్టెలో ఇంక అయిదో గుడ్డు ఒక్కటే మిగిలింది. అది కదల్లేదు, పలకలేదు.

సాయంత్రం జేజి బొంత మడిచి పెట్టుకుని, ఆటో వచ్చేలోపల గోడకు ఆనుకుని కూర్చుని, అరచెయ్యి చాచింది.

"ఇంక మాల ఇయ్యి. పిల్లలు వచ్చినాయి. మాటంటే మాట."

నబీ జేబులోంచి మాల తీశాడు. ఆమె చేతి దాకా తీసుకుపోయి ఆగాడు.

"జేజీ, ఒక మాట అడుగుతా. అది మొదటిసారి పలికింది నేను పిలిచినప్పుడు కాదు. విసుగొచ్చి ఆపినప్పుడు."

"ఆపినప్పుడు పలికిందో, ఆపినప్పుడు నీకు వినపడిందో."

గంపలో పిల్లలు ఒకదానిమీద ఒకటి పడుతూ కీచుకీచుమంటున్నాయి. తొమ్మిదేళ్లు, దినానికి అయిదుసార్లు, పూటకు నూరు, అని నబీ పెదవులు వాటంతట అవే లెక్క కడుతున్నాయి.

జేజి చెయ్యి అట్లాగే చాచి ఉంచి, చెవి దగ్గరికి తెమ్మన్నట్టు తల ఊపింది. నబీ వంగాడు.

"ఇన్నాళ్లూ నువ్వు పెంకుకు ఏపక్క ఉండాననుకున్నావు నబీ?"

బయట ఆటో హారన్ కొట్టింది. జేజి వస్తాండాది, ఉండమని చెప్పడానికి కుల్లాయమ్మ వాకిట్లోకి పోయింది.

నబీ మాలను పిడికిట్లోకి మడుచుకున్నాడు. తర్వాత గంపలో చెయ్యి పెట్టి బంగారు మెడ పిల్లను తీసి, ఆమె చాచిన అరచేతిలో పెట్టాడు. జేజి వేళ్లు ముడుచుకుని లేచింది. ఆమెను ఆటో దాకా దిగబెట్టి వచ్చి, మాల జేబులో వేసుకుని, మళ్లీ పెట్టె ముందు కూర్చున్నాడు. అయిదో గుడ్డు ఒక్కటే ఉంది. ఆ పూట అతను కొక్ అనలేదు, పూసలు తిప్పలేదు. గాజుకు చెవి ఆనించి, వింటూ కూర్చున్నాడు.